గట్టిరాతి లోపలికి తరంగంతో: కోలారు ప్రాజెక్టు డైరీ

జూన్: ప్రశ్న ఏమిటి

కోలారు షిస్ట్ బెల్ట్ (పాత రూపాంతర శిలల పట్టీ) లాంటి నేల మీద ఒక దెబ్బ కొట్టి, జియోఫోన్లకు (నేల కంపనాన్ని పట్టే పరికరాలకు) అందిన కంపనమంతా వాడుకుని, కింద రాయి ఎక్కడ ఎలా మారుతోందో బొమ్మ గీయగలమా? ఈ ప్రాజెక్టులో తేల్చుకోవాలనుకున్నది ఇదే. పద్ధతి పేరు ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్. చమురు వెతికేవాళ్ళు సముద్రాల్లో దీన్ని బాగా వాడుతున్నారు. ఖనిజాల కోసం గట్టిరాతిలో వాడింది తక్కువ. కోలారు, హట్టి, రామగిరి, చిగురుగుంట... దక్షిణాదిలో బంగారం దొరికిన ముఖ్యమైన చోట్లు ధార్వార్ క్రేటాన్ (ఖండపు పురాతన గట్టి భాగం) లోని ముసలి రాళ్ళే. పైపైన కనబడేదంతా వందేళ్ళ కిందటే వెతికేశారు. ఇంకా ఏమైనా ఉంటే లోతులోనే ఉండాలి. అందుకే ఈ పని మీద నాకు ఇంత పట్టుదల.

విశాఖలో జియోఫిజిక్స్ చదువుకుని బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడిన నాకు తోడు ఇద్దరున్నారు. ఒకరు అనంతపురం నుంచి వచ్చిన సహోద్యోగి, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) పనంతా అతనిదే. రెండోవారు కోలారు బంగారు గనుల ఊరైన రాబర్ట్‌సన్‌పేటలో ఉండే ఒక పెద్దాయన. గనుల్లో సర్వేయరుగా పనిచేసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా అక్కడే ఉన్నారు. రాయి గురించి ఎప్పుడు ఏ సందేహం వచ్చినా మారికుప్పం రైలెక్కి ఆయన దగ్గరికే వెళ్తాం.

పద్ధతి సారం ఇది. నేల లోపల తరంగ వేగం ఎక్కడెంత ఉందో ఒక ఊహ వేసుకుంటాం. ఆ ఊహలో తరంగాన్ని కంప్యూటర్లో నడిపిస్తే ప్రతి జియోఫోన్ దగ్గర ఒక అల వస్తుంది. నిజంగా కొలిచిన అలకూ దానికీ ఉన్న తేడాను తీసుకుని, ఆ తేడానే కాలంలో వెనక్కి నడిపిస్తూ నేలలోకి పంపుతాం. ముందుకు నడిచిన అల, వెనక్కి నడిచిన తేడా ఎక్కడ కలుస్తాయో అక్కడ వేగం మార్చాలి. 1983లో లైయీ, 1984లో టరాంటోలా చూపించిన దారి ఇది. వందల కోట్ల లెక్కలు కావాలి కాబట్టి అప్పట్లో కాగితం మీదే ఎక్కువగా ఉండిపోయింది. ఇప్పుడు పైటార్చ్ మీద నడిచే డీప్‌వేవ్ అనే ఉచిత లైబ్రరీ, ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే రెండు కొలతల్లో ఇంట్లోనే చేసుకోవచ్చు.

జులై: బంగారం కనబడదు

ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే ఈ పని గురించి విన్నవాళ్ళు మరేదో ఆశిస్తారు. కోలారులో బంగారం ఎక్కువగా దొరికిన చాంపియన్ రీఫ్ పలుగురాతి పొర. చాలా చోట్ల దాని మందం మీటరు అటూ ఇటూ. గట్టిరాతిలో పి తరంగం (అన్నిటికంటే ముందు చేరే అల) సెకనుకు 6 కిలోమీటర్లు పోతుంది. 60 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 100 మీటర్లు. అలాంటి అలకు మీటరు మందమున్న పలుగురాయి ఉన్నా లేనట్టే. పైగా పలుగురాయికీ చుట్టూ ఉన్న రాతికీ వేగంలో పెద్ద తేడా లేదు.

మరి ఏం కనబడుతుంది? బంగారాన్ని మోసే ఆంఫిబోలైట్ అనే బరువైన రాయి, దాని పక్కనున్న నైస్ అనే తేలికైన రాయి, ఆ రెంటినీ విడదీసే సరిహద్దు. మా మోడల్లో నైస్‌కు వేగం 6 కిలోమీటర్లు, సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) 2.68 అని పెట్టాం. ఆంఫిబోలైట్‌కు 6.6, 2.98. వేగాన్ని సాంద్రతతో హెచ్చవేసి చూస్తే, సరిహద్దు దగ్గర తరంగపు ఎత్తులో పదో వంతు వెనక్కి తిరుగుతుంది. గట్టిరాతిలో ఇది చిన్న సంఖ్య కాదు, 6 శాతం దాటితేనే బాగుందనుకుంటారు. సల్ఫైడ్ (లోహం, గంధకం కలిసిన ఖనిజం) ముద్దగా ఉంటే ఇంకా మేలు. పైరైట్ సాంద్రత 5 దాకా ఉంటుంది, వేగం 8 కిలోమీటర్లు. పిర్రోటైట్ కూడా ఇనుప సల్ఫైడే, బరువూ ఎక్కువే, కానీ అందులో తరంగం నైస్‌లో కంటే మెల్లగా నడుస్తుంది. కాబట్టి ఖనిజం ఉన్న చోట వేగం పెరగాలనే నియమమేమీ లేదు. కోలారులో చాంపియన్ రీఫ్‌కు పడమటనున్న లోడ్‌లలో (ఖనిజపు పొరల్లో) సల్ఫైడ్ పాలు ఎక్కువ. అందుకే మోడల్లో బంగారం పెట్టలేదు. ఆంఫిబోలైట్ పట్టీ, దాని పడమటి అంచున సల్ఫైడ్ ఉన్న ఒక షియర్ జోన్ (రాయి ఒరుసుకుని నలిగిన పట్టీ) పెట్టాం.

దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ బంగారం కోసం భూకంప తరంగాలను 1980ల నుంచీ వాడుతున్నారు కదా, ఇక్కడెందుకు వాడలేదని అడుగుతారు. అక్కడ బంగారు పొరలు కొద్దిపాటి వాలుతో పరుచుకుని ఉంటాయి. పైనుంచి పంపిన తరంగం వాటికి తగిలి తిరిగి పైకే వస్తుంది. కోలారులో అన్నీ దాదాపు నిట్టనిలువుగా నిలబడ్డ పొరలు. తగిలిన తరంగం పక్కకు పోతుంది గానీ పైనున్న జియోఫోన్ దగ్గరికి రాదు. పరావర్తన బొమ్మ ఒక్కటే నమ్ముకుంటే ఇక్కడ పని జరగదు. పూర్తి అలను వాడాలనుకోవడానికి కారణం అదే.

జులై చివర: మన్ను లెక్క

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు కాగితం మీద వేసిన ఒక లెక్క ఈ ప్రాజెక్టు దిశనే మార్చింది.

బెల్ట్‌లోని 300 మీటర్ల వెడల్పు ఆంఫిబోలైట్ పట్టీని అడ్డంగా దాటడానికి తరంగానికి 45.5 మిల్లీసెకన్లు పడుతుంది. అక్కడ ఆంఫిబోలైట్ లేకుండా నైసే ఉంటే 50 పట్టేది. తేడా 4.5 మిల్లీసెకన్లు. మనం వెతికే రాయి మొత్తం మన అలలో వేసే ముద్ర ఇంతే.

ఇప్పుడు పైనున్న మన్ను, మొరం చూడండి. అందులో వేగం సెకనుకు 800 మీటర్లు అనుకుందాం. ఒక జియోఫోన్ కింద మన్ను పక్కదాని కంటే 8 మీటర్లు మందంగా ఉంటే చాలు, ఆ 8 మీటర్లు రాయే అయితే పట్టే సమయం తీసేయగా, తరంగం 8.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. వందల మీటర్ల గట్టిరాయి చూపించే తేడాకు ఇది రెట్టింపు దగ్గర. 60 హెర్ట్జ్ అలలో అర ఆవర్తనం 8.3 మిల్లీసెకన్లు. ఇన్వర్షన్ సరైన వైపు నడవాలంటే ఊహించిన అల, కొలిచిన అల అర ఆవర్తనానికి మించి ఎడంగా ఉండకూడదు. దాటిందంటే లెక్క పక్క శిఖరాన్ని పట్టుకుని అదే సరైనదని సర్దుకుపోతుంది. దీన్నే సైకిల్ స్కిప్పింగ్ అంటారు. 8 మీటర్ల మన్ను తేడా మనల్ని సరిగ్గా ఆ గీత దాటించేస్తుంది. కంట్లో శుక్లం పెట్టుకుని ఎదుటి మనిషి ముఖకవళికలు చదవబోయినట్టుంటుంది.

లెక్క ఖర్చు కూడా మన్నే పెంచుతుంది. 60 హెర్ట్జ్ దగ్గర గట్టిరాతికి 18 మీటర్ల గడులు (లెక్క కోసం నేలను విడగొట్టే చిన్న చదరాలు) సరిపోతాయి. 800 మీటర్ల వేగమున్న మన్ను ఉంటే అల పొడవు 13 మీటర్లకు పడిపోతుంది, గడులు 2.5 మీటర్లకు తగ్గించాలి. రెండు కొలతల్లో గడులు 50 రెట్లు, కాలపు అడుగులు 7 రెట్లు పెరుగుతాయి. మొత్తం 350 రెట్లు దాటుతుంది. చాలామంది మన్ను పొర తీసేసి, సమయాలు సర్ది, గట్టిరాతి నుంచే లెక్క మొదలుపెట్టేది ఇందుకే. మేం తీసేయకూడదని నిర్ణయించుకున్నాం. నా దృష్టిలో గట్టిరాతి ఇన్వర్షన్ అంటే ముందు మన్ను ఇన్వర్షనే. పైన 30 మీటర్లు తేలకుండా కింద కిలోమీటరు గురించి చెప్పే ఏ బొమ్మనూ నమ్మలేను.

ఆగస్టు: కేసింగ్ ఎంత దిగింది?

మన్ను మందం ఎక్కడెంతో తెలిసేదెలా అని పెద్దాయన్ని అడిగితే ఆయన మిషన్ల జోలికే పోలేదు.

"కేసింగు ఎన్ని అడుగులు దిగిందో అడుగమ్మా. రాయి తగిలేదాకానే కదా పైపు వేసేది? బోరు లారీవోడు అబద్ధం చెప్పినా చెప్తాడు. దుడ్లు కట్టిన రైతు మర్చిపోడు."

అక్షరాలా నిజం. కోలారు ప్రాంతంలో బోరు 1000 అడుగులు దాటడం మామూలైపోయింది. బోరు వేసేటప్పుడు పైనున్న మెత్తటి భాగం కూలకుండా కేసింగ్ పైపు దించుతారు, గట్టిరాయి తగలగానే ఆపేస్తారు. పైపుకు అడుగు చొప్పున డబ్బు తీసుకుంటారు కాబట్టి రైతుకు ఆ అంకె గుర్తుంటుంది. అంటే ప్రతి బోరూ ఆ చోట మన్ను ఎంత మందమో చెప్పే ఒక కొలత. ఎవరూ రాసి పెట్టుకోని సమాచారం ఊరూరా రైతుల నోటిలో ఉంది.

బంగారుపేట నుంచి కుప్పం వెళ్ళే దారిలో మాకు తెలిసిన వాళ్ళ మామిడితోట ఉంది. చుట్టుపక్కల పొలాలన్నీ తిరిగి అడిగాం. ఒక చోట కేసింగ్ 40 అడుగులు, రెండు పొలాల అవతల 90 అడుగులు. మీటర్లలో 12, 27. పైన నేల చూస్తే ఏ తేడా లేదు, అదే ఎర్రమన్ను, అదే రాగి చేను.

ఆ తర్వాత అదే గీత మీద అద్దెకు తెచ్చిన 24 చానెళ్ళ సీస్మోగ్రాఫ్, 5 మీటర్లకొక జియోఫోన్, ఇనుప పలక, సమ్మెట. త్రీఫేజ్ కరెంటు లేని గంటలు చూసుకుని కొట్టాం. ఆ వేళల్లో మోటార్లు ఆగి ఉంటాయి, నేల నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకే చోట 16 దెబ్బలు కొట్టి కలిపితే, చెల్లాచెదురు శబ్దంతో పోల్చినప్పుడు అసలు అల 4 రెట్లు తేరుతుంది. సమ్మెట పట్టింది ఎక్కువగా తోట కాపలా అబ్బాయి. అతను కొట్టిన దెబ్బ ప్రతిసారీ ఒకేలా ఉండేది, అలాంటి దెబ్బ దొరకడం అదృష్టం.

మొదట వచ్చే అలల సమయాలు గీస్తే రెండు వాలులు స్పష్టంగా విడిపోయాయి. దగ్గర జియోఫోన్లలో మెల్లటి మన్ను అల, దాదాపు 45 మీటర్లు దాటాక రాతి మీదుగా వచ్చిన వేగమైన అల. సమయాల నుంచి లెక్కగట్టిన మందం కేసింగ్ లోతుకు బాగా దగ్గరగా వచ్చింది. కేసింగ్ అంకె ప్రతిసారీ కొంచెం ఎక్కువగానే ఉంది. దానికీ అర్థముంది: పైపును గట్టిరాతిలోకి ఒకట్రెండు మీటర్లు దింపి కూర్చోబెడతారు కాబట్టి.

మన్నుకూ గట్టిరాతికీ మధ్య చీలికలు పడ్డ, సగం మాగిన రాయి ఒకటుంటుంది. వేగం రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల మధ్య. సమయాల పద్ధతికి ఇది సరిగ్గా దొరకదు. పూర్తి అలలో మాత్రం దీని జాడ ఉంటుంది. ఇన్వర్షన్‌కు ఇక్కడే మొదటి పరీక్ష పెట్టదలిచాం.

సెప్టెంబరు: లెక్క నడిచింది

సమ్మెటతో కొట్టింది మన్ను కోసమే. కిలోమీటరు లోతు చూడాలంటే వైబ్రేటర్ లారీలో, బోరుల్లో చిన్న పేలుళ్ళో కావాలి. అవి మా చేతిలో లేవు. కాబట్టి పొలంలో కొలిచిన మన్నును, పెద్దాయన సరిదిద్దిన రాతి అమరికను కలిపి 4 కిలోమీటర్ల వెడల్పు, ఒకటిన్నర కిలోమీటర్ల లోతు ఉన్న కృత్రిమ నేల తయారుచేశాం. దాని మీద లెక్కతో పుట్టించిన అలలకు శబ్దం కలిపి, అదే మా కొలతగా పెట్టుకున్నాం.

కంప్యూటర్ మెమరీ విషయం ఒకటి ఈ దారిలో వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. దాదాపు 10 లక్షల గడులు, 7500 కాలపు అడుగులు. వెనక్కి నడిపేటప్పుడు పోల్చుకోవడానికి అన్ని అడుగులూ దాచుకోబోతే ఒక్క దెబ్బకు 29 గిగాబైట్లు కావాలి. 60 హెర్ట్జ్ అలకు 4 మిల్లీసెకన్లకొక బొమ్మ దాచినా సమాచారం పోదు. అప్పుడు ఒకటిన్నర గిగాబైట్లతో తీరిపోతుంది. డీప్‌వేవ్‌లో దీనికి సెట్టింగ్ ఉంది.

తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి ఎక్కువకు మెట్లుమెట్లుగా ఎక్కాం: 8, 12, 20, 35, 60 హెర్ట్జ్. 8 హెర్ట్జ్ దగ్గర అర ఆవర్తనం 62 మిల్లీసెకన్లు, కాబట్టి మన్ను తేడాలు అక్కడ ప్రమాదం చేయవు. ఇంకా కిందికి, 3 హెర్ట్జ్‌కు పోతే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మామూలు 10 హెర్ట్జ్ జియోఫోన్ స్పందన, దాని సహజ ఫ్రీక్వెన్సీ కింద, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ నాలుగో వంతుకు పడిపోతుంది. పొలంలో దొరకని అలను మోడల్లో వాడుకుంటే ఆ ఫలితం ఎవరికీ పనికిరాదు.

మొదట్లో, ముందుగా వచ్చే అలల చుట్టూ చిన్న సమయపు కిటికీ మాత్రమే తెరిచాం, తర్వాత వెడల్పు చేశాం. అల ఎత్తులను పక్కనపెట్టి ఆకారాన్నే పోల్చాం. ఒక జియోఫోన్ గట్టి నేలలో, ఇంకొకటి దుక్కి దున్నిన మన్నులో నాటుకుంటుంది, ఎత్తులను నమ్మలేం. ఉపరితల తరంగాలను కత్తిరించేశాం. వాటిని కూడా లెక్కలోకి తేవాలంటే గడులు మీటరు సైజుకు తగ్గించాలి. ఆ శక్తి మా కార్డుకు లేదు.

కావాలనే ఒకే కొలతకు రెండు ఆరంభాలు ఇచ్చి చూశాం. మొదటిదాంట్లో మన్ను అంతటా ఒకే మందం. రెండోదాంట్లో కేసింగ్ లోతుల నుంచి వచ్చిన మందం. ఫలితాల తేడా చూసి ఇద్దరం చాలాసేపు తెర ముందే ఉండిపోయాం. మొదటి ఆరంభంలో, మన్ను మందంగా ఉన్న ప్రతి చోటా, దాని కింద గట్టిరాతిలో వేగం తగ్గిన నిలువు పట్టీ పుట్టింది. షియర్ జోన్ ఎలా ఉంటుందో అచ్చం అలాగే. అలల తేడా మాత్రం అందంగా తగ్గిపోయింది, గ్రాఫ్ చూస్తే అంతా సవ్యంగా ఉందనే అనిపిస్తుంది. నిజమైన అన్వేషణలో ఇలాంటి పట్టీ మీద డ్రిల్లింగ్ చేస్తారు. రెండో ఆరంభంలో ఆ పట్టీలు లేవు. మేం పెట్టిన అసలు షియర్ జోన్ ఒక్కటే, పెట్టిన చోటే వచ్చింది. సగం మాగిన రాతి పొర కూడా మెల్లగా తేలింది.

పెద్దాయన మొదటి బొమ్మ చూసి, "ఇట్లాంటి చోట్ల మేం డ్రైవ్ (సొరంగం) కొట్టుకుంటా పోయి ఉత్త రాయి చూసినాం చానాసార్లు" అన్నారు.

అక్టోబరు: ఎంత లోతు?

బొమ్మ పైభాగం బాగా వచ్చింది. కింద మాత్రం మసక. ఎన్నిసార్లు తిప్పినా ఆంఫిబోలైట్ అంచు 100, 150 మీటర్ల కింద కరిగిపోతోంది. దీనికి ప్రోగ్రాంతో సంబంధం లేదు, భౌతికశాస్త్రమే అడ్డు.

లోతుకు పోయేకొద్దీ వేగం పెరిగితే తరంగం వంగి మళ్ళీ పైకి వస్తుంది. అవక్షేప శిలల్లో వేగం త్వరగా పెరుగుతుంది. అక్కడ దెబ్బకూ జియోఫోన్‌కూ 4 కిలోమీటర్ల దూరముంటే అలాంటి వంగిన కిరణం 600, 700 మీటర్ల దాకా దిగి వస్తుంది. గట్టిరాతిలో మన్ను దాటగానే వేగం 5.8 కిలోమీటర్లకు చేరుతుంది, ఆ తర్వాత పెరిగేది చాలా తక్కువ. అదే 4 కిలోమీటర్ల దూరానికి కిరణం దిగేది దాదాపు 100 మీటర్లే. చమురు నేలల్లో ఈ పద్ధతి అంత బాగా పనిచేయడానికీ, ఇక్కడ కాళ్ళు తడబడడానికీ ఇదే ముఖ్య కారణమని నా నమ్మకం. పైనుంచి కొట్టి పైనే వింటే నిట్టనిలువు పొరల లోతు తెలియదు. వినే చెవి కిందికి దిగాలి.

గనులు నడుస్తున్న రోజుల్లో అయితే 3 కిలోమీటర్ల లోతున రాక్‌బర్స్ట్‌లు (ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పగలడం) అయ్యేవి. వాటి చోటు పట్టుకోవడానికి అక్కడ పరికరాల వల ఉండేది. కింది నుంచి పైకి వచ్చే తరంగాలు అవి, బొమ్మ గీయడానికి అంతకన్నా మంచి వెలుగు ఉండదు. కానీ ఒక్కో బర్స్ట్ వెనుక ఎన్ని ప్రాణాలు పోయాయో పెద్దాయన చెబుతుంటే, దాన్ని డేటా అనడానికి నోరు రాలేదు.

నవంబరు: ఎండిన బోర్లు

కోలారులో నీళ్ళు పడని బోర్లకు కొదవ లేదు. ఎంతోమంది రైతుల అప్పులు ఆ రంధ్రాల్లోనే ఉన్నాయి. కేసింగ్ కింద అంతా నగ్నంగా ఉన్న గట్టిరాయి, 300 మీటర్ల లోతు. జియోఫోన్‌ను గోడకు అదిమి పట్టే క్లాంపుతో దించితే వినే చెవి కిందికి దిగినట్టే. నీళ్ళున్న బోరైతే హైడ్రోఫోన్ (నీళ్ళలో అలను వినే పరికరం) సరిపోయేది. ఎండినదానికి క్లాంపు తప్పదు.

ముందు కృత్రిమ నేలలోనే చూశాం. ఆంఫిబోలైట్ పట్టీకి ఒక పక్క బోరు, అందులో 10 మీటర్లకొక జియోఫోన్, దెబ్బలన్నీ పట్టీకి అవతలి పక్క. తరంగం పట్టీని ఏటవాలుగా దాటి బోరులోకి వస్తుంది. ఇంకో లాభం, మన్నును దెబ్బ దగ్గర ఒక్కసారే దాటుతుంది. కింద వినే చోట మన్నే లేదు. అంటే మనల్ని వేధించిన తేడాలో సగం మొదటే పోయింది. ఫలితం: పట్టీ అంచు, దాని వాలు 300 మీటర్ల దాకా నిలిచాయి. షియర్ జోన్ వెడల్పు 40 మీటర్లు పెడితే, కొంచెం ఉబ్బి అయినా, సరైన చోట సరైన వాలుతో వచ్చింది.

మామిడితోట పక్క పొలం రైతు తన ఎండిన బోరు వాడుకోమన్నారు. దానికి ఇప్పటికే ఇనుప మూత వెల్డింగ్ చేసి ఉంది. పాడుబడ్డ బోర్ల గురించి సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చాక కూడా చాలాచోట్ల మూతలు ఉండడం లేదు, ఈయన వేయించారు. పని ఉన్నంతసేపూ ఒక మనిషి అక్కడే ఉంటాడని, సాయంత్రానికి మూత తిరిగి బిగిస్తామని మాటిచ్చాం.

క్లాంపు జియోఫోన్ అద్దె దొరకడమే ఇప్పుడు మిగిలింది. ఫైబర్ కేబుల్ దించితే ప్రతి మీటరూ ఒక చెవి అవుతుంది కదా అని సహోద్యోగి అంటున్నాడు. నిజమే, కానీ ఫైబర్ తన పొడవు వెంట వచ్చే సాగుడునే వింటుంది. పి తరంగం అడ్డంగా తగిలితే దాదాపు ఏమీ వినదు. మా దెబ్బలు కిలోమీటరు దూరం నుంచి దాదాపు అడ్డంగానే వస్తాయి. పైగా ఎండిన బోరులో వేలాడే కేబుల్ రాతికి అంటుకోదు, చుట్టూ ఇసుకో సిమెంటో నింపాలి, రైతు మళ్ళీ ఆ బోరు వాడుకోలేడు. కాబట్టి జియోఫోనే. వరుసగా వానలు పడుతున్నాయి, దారి బురదగా ఉంది. రాగి కోతలయ్యాక, దెబ్బల గీత వేయడానికి చేలు ఖాళీ అవగానే మొదలుపెడతాం. ఈలోగా దెబ్బలు పడబోయే ప్రతి చోటికీ దగ్గరున్న బోర్ల కేసింగ్ లోతులు అడిగి రాసుకుంటున్నాం.